ఆరబెట్టిన ఆకు

చిక్కుడులాంటి మా అనపగింజలు అంగట్లో దొరికేవి కావు. మా అత్త చేతి నుంచి నా చేతికి వచ్చిన విత్తనం అది. ఏటా ఒక కుండెడు దాచి, మరుసటేడు రాగిచేలో సాళ్లు వేస్తాం. ఆ కుండ పోతే విత్తనం పోయినట్టే.

పురుగుకు మేము మందుబిళ్లలు వాడం. వావిలాకు, వేపాకు కోసి నీడన పరిచి, నలిపితే పొడి అయ్యేదాకా ఉంచుతాం. గింజ ఒక వరస, ఆకు ఒక వరస వేసి కుండమూతికి పేడమట్టి మెత్తుతాం. పోయినేడు నాకు మోకాళ్లు వాచి, ఆ పని చిన్నకొడుకు పెళ్లానికి చెప్పాను. ఆ పిల్ల బంగారు గనుల కోరమండల్‌లో, గనికూలీల ఇళ్ల లైన్లలో పుట్టింది. పుట్టింట్లో అరవం మాట్లాడతారు. ఆకు ఆరబెట్టి వెయ్యమని మూడుసార్లు చెప్పాను.

విత్తే ముందు మూత పగలగొడితే పులిసిన వాసన. సగం గింజలు బూజు పట్టాయి. తక్కిన వాటిలో చాలావాటికి సూదితో పొడిచినట్టు బొక్కలు.

"ఆరబెట్టమంటే యాడ ఆరబెట్టినావే?"

"నీడలోనే అత్తా. చెయ్యి పెట్టి చూసే ఏస్తిని. చల్లగానే ఉన్నింది."

"చల్లగా ఉండేదానికి అదేమన్నా మీ అమ్మ కలిపిన కాఫీనా?"

రోజూ పాలు పిండింది మొదలు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎండలో కూర్చోబెట్టి, గింజ గింజా ఏరించాను. బూజువి దిబ్బలోకి. బొక్కవి ఉడకబెట్టి ఆమెకు మాత్రమే. అందరికీ వేరే పులుసు.

"పోనీలేమ్మా," అన్నాడు కొడుకు.

"నీకూ అదే వడ్డించేదా?" అన్నాను. చేయి కడుక్కుని లేచిపోయాడు.

ఎనిమిదో రోజు ఆమె తల్లి చూడవచ్చింది. కాఫీ లోటా కాలి చేయి వెనక్కి తీసుకుంది.

"ఉండమ్మా, ఆరబెట్టి ఇస్తా," అని కోడలు రెండు లోటాల మధ్య కాఫీ తిరగపోసింది.

నేను మా ఊరి కన్నడ బడిలో రెండో తరగతి దాటలేదు. అయినా అర్థమైంది. మా ఆరబెట్టడం తేమ పోవడానికి, అరవం వాళ్లది వేడి పోవడానికి. ఎండకు కాగిన ఆకును చల్లారేదాకా ఉంచి, పచ్చిదే కుండలో వేసింది. తనకు తెలిసినంతలో చెప్పింది చెప్పినట్టే చేసింది.

నేను ఆ మాట బయటికి అనలేదు. తల్లి బస్సెక్కిన పూట కూడా కోడలికి బొక్కగింజలే పెట్టాను. అవి అయిపోయేదాకా పెట్టాను. తెలియక చేసినా పోయిన గింజ తిరిగి రాదు.

ఏరగా మిగిలిన మంచివాటిని నీళ్లలో వేస్తే మునిగిన గట్టిగింజలు రెండు దోసిళ్లు. ఒక్క సాలుకు వచ్చాయి. ఆ సాలులో ఈ ఏడు అరకుండ పండింది. ఆకు కొయ్యడానికి కొడవలి తీస్తే కోడలు గుమ్మంలోకి వచ్చింది.

"ఆరబెట్టేది మీ మాదిరా, మా మాదిరా అత్తా?" నవ్వకుండా అడిగింది. ఆమెకూ తెలిసిపోయిందన్నమాట.

"కుండ ముట్టొద్దు," అన్నాను.

ఆకు నేనే కోశాను, నేనే పరిచాను, గలగలలాడేదాకా నేనే తిరగేశాను. మూతికి మట్టి మెత్తేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. చూసి నేర్చుకో అని కూడా నేను అనలేదు.