అడిగింది ఆమెను

నాకు నోటి దురద ఎక్కువ. హైటెక్ సిటీలో మా ఆఫీసు భోజనాల బల్ల దగ్గర బడుల సంగతి వచ్చిందంటే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. పిల్లల చదువుకయ్యే సొమ్మును ప్రభుత్వం కూపనుగా తల్లిదండ్రుల చేతికిస్తే, ఏ బడికి పంపాలో వాళ్లే చూసుకుంటారని నా వాదన.

"అలా అందరూ వెళ్లిపోతే సర్కారు బడిలో మిగిలిన పిల్లల గతేంటండీ?" అనేవాడు ఎదురు సీటాయన.

"ఎంచుకునే హక్కు మనకేనా, పేదవాళ్లకు వద్దా?" అని నేను గయ్యిమనేదాన్ని. ఆయన పాపం పెరుగన్నం కలుపుకోవడంలో పడేవాడు.

ఆ మాటలన్నీ బల్లలు తుడిచే హౌస్‌కీపింగ్ ఆమె వింటూ ఉండేదని నాకు తెలియదు. ఆమెది బోరబండ. కూతురు బస్తీలోని సర్కారు బడిలో మూడో తరగతి. ఒకరోజు లిఫ్టు దగ్గర నన్ను ఆపింది.

"మేడం, మీరు రోజు చెప్తరు గదా, గసొంటిదే వచ్చింది. మా ఇంటికాడి ప్రైవేటు బడిల బస్తీ పిల్లలకు కొన్ని సీట్లు ఫీజు లేకుండ ఇస్తరంట. బిడ్డ పరీచ్ఛ మంచిగ రాసింది. ఇగ తల్లిదండ్రులతోని మాట్లాడుతరంట. ఇంగ్లీషుల అడిగితే ఎట్లనో అని పరేషాన్ అయితున్న. జర తోడొస్తరా?"

ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నాళ్ల నా వాదనకు రుజువుగా ఒక మనిషి దొరికిందని సంబరం. బడివాళ్లు రమ్మన్న రోజుకి ఒక పూట సెలవు పెట్టేశాను.

ఆమె భర్త క్యాబ్ డ్యూటీలో ఉండి రాలేకపోయాడు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చిన ఆమె ఆటోలో దారి పొడవునా పెదవులు కదుపుతూనే ఉంది. ఏ దేవుడికో మొక్కుకుంటోందనుకున్నాను.

బడిలో హెడ్మిస్ట్రెస్ నన్ను కాదు, ఆమెనే చూస్తూ, చక్కటి తెలుగులో అడిగింది. "అమ్మా, పాపను మా బడికే ఎందుకు పంపాలనుకుంటున్నారు?"

ఆమె చీర కొంగు సర్దుకుంది. నోరు తెరవబోయింది. ఊపిరి తీసుకునేంత ఆలస్యం, అంతే. అదీ ఓర్చుకోలేకపోయాను. "షీ ఈజ్ వెరీ కీన్, మేడమ్" అంటూ అందుకున్నాను. ఎక్స్‌పోజర్ అన్నాను, కాన్ఫిడెన్స్ అన్నాను, భోజనాల బల్ల దగ్గర ఆరితేరిన మాటలన్నీ వల్లించాను. హెడ్మిస్ట్రెస్ మరో రెండుసార్లు ఆమె వైపు తిరిగింది. రెండుసార్లూ నేనే జవాబు చెప్పాను.

బయటికొచ్చాక, "ఇంక ఫికర్ పెట్టుకోకు" అని భుజం కూడా తట్టాను. ఆమె తలూపింది.

సీట్లు వచ్చినవాళ్ల జాబితాలో పాప పేరు లేదు. కోపంగా బడికి ఫోన్ చేశాను.

"పాప బాగానే రాసిందండీ. సీట్లు తక్కువ కదా, ఇంట్లో పట్టించుకునేవాళ్లు ఉన్నారా అని చూస్తాం. ఆ తల్లి ఒక్క మాటైనా మాట్లాడలేదు" అంది హెడ్మిస్ట్రెస్.

తప్పు నాదని, ఆమెను మళ్లీ పిలవమని బతిమాలాను. సీట్లు నిండిపోయాయంది.

మర్నాడు ప్యాంట్రీలో ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"నువ్వేం చెప్పాలనుకున్నావు?" అని అడిగాను.

చేతిలోని గుడ్డను బకెట్లో పిండి పక్కన పెట్టింది.

"వారం సంది యాది చేసుకున్న మేడం. ఆటోల గూడ అదే అనుకున్న. మా బిడ్డకు సమజ్ గాకపోతే చెయ్యి లేపుతది. ఇప్పుడున్న బడిల మూడు క్లాసులకు ఒక్కతే టీచరమ్మ. ఆమె మాత్రం ఏం జేస్తది? ఎంతసేపని చెయ్యి లేపి కూసుంటది పిల్ల? ఈ నడుమ లేపుడే బంద్ జేసింది. గదే చెప్దామనుకున్న."

నేను అంతసేపు మాట్లాడిన ఇంగ్లీషులో ఈ సంగతి ఎక్కడా లేదు. అంతకుముందు నేను ఆమెను ఆ మాట ఎప్పుడూ అడగలేదు.