దెబ్బతిన్న లెన్సుతో బొగ్గుబాయి గేటు దాకా

ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు అడవి మీదుగా మంచిర్యాల వెళ్లే దారి గురించి రాయమని చాలామంది అడుగుతున్నారు. మొన్నటి చలికాలంలో ఆ దారిన వెళ్లాను కాబట్టి రాస్తున్నాను. నన్ను బయలుదేరదీసింది మాత్రం మా రాజవ్వ చిన్నమ్మ. ఆమె భర్త ఓదెలు చిన్నాయిన మంచిర్యాల పక్కన భూగర్భ గనిలో పనిచేసేవారు. అక్కడ గనిని అందరూ బాయి అంటారు. నెలాఖరు శనివారం ఆయనకు ఆఖరి షిఫ్టు. దానికి కొన్నాళ్ల ముందు చిన్నమ్మ ఫోన్ చేసి, చిన్నాయిన చెవిన పడకుండా వంటింట్లోకి నడిచి వెళ్లి మరీ ఒక కోరిక చెప్పింది.

"బిడ్డా, పెండ్లయిన కాన్నుంచి గాయన బాయిమీదనే తానం చేసి, తెల్లంగి తొడుక్కొని ఇంటికొస్తడు. బొగ్గుమొకంతోని ఎట్లుంటడో నేను ఒక్కనాడు సూడలే. నీ పెద్ద కెమెరాతోని ఒక్క ఫోటో తీస్తవా? ఆయనకైతే చెప్పకు."

తీస్తానని మాట ఇచ్చేశాను. చిన్నమ్మ పక్కింటాయన గని ఆఫీసులో పనిచేస్తారు. రిటైర్మెంటు ఫొటోలని చెప్పి ఆయన చేత అనుమతి అడిగిస్తే, గేటు ఇవతల నిలబడి తీసుకోమన్నారు, లోపలికి మాత్రం రావొద్దన్నారు. స్నానానికి పోకముందే, పైకి వచ్చేచోటే తీయాలి. గేటుకూ ఆ బాయి నోటికీ మధ్య చాలా దూరం. సెల్‌ఫోనుతో తీస్తే మనిషి ఎవరో కూడా తెలియదు. నాకున్నది ఒక్కటే జూమ్ లెన్సు. దాన్నే నమ్ముకుని శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను.

ఆదిలాబాద్ బస్టాండులో ఆరు దాటాక మంచిర్యాల వైపు ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. మగవాళ్లు రెండు వందలు చేతిలో పెట్టుకుంటే సరిపోతుంది. గుడిహత్నూర్, ఇంద్రవెల్లి దాటి ఉట్నూరు చేరేసరికి ఎనిమిది కావస్తోంది. అక్కడ పది నిమిషాలు ఆగుతారు. టీలో చక్కెర వద్దని రెండుసార్లు చెప్పినా టీ కొట్టాయన మూడు చెంచాలు వేశారు, చలికి అదీ తాగేశాను. ఉట్నూరు దాటాక జన్నారం దాకా రోడ్డుకు అటూ ఇటూ టేకు అడవి, దాని మీద మంచు. కుడివైపు కిటికీ పట్టుకోండి, పొద్దుటి ఎండ కళ్లలో పడదు.

నేను కుడివైపే కూర్చున్నాను. అంత మంచు చూశాక చేతులు ఊరుకుంటాయా? కెమెరా తీసి ఒళ్లో పెట్టుకున్నాను, బెల్టు మెడలో వేసుకునే ఓపిక లేక పక్కన పడేశాను. ఆ అడవిలో జంతువులు రోడ్డు దాటుతాయని స్పీడ్ బ్రేకర్లు వరసగా వేశారు. నేను కిటికీ అద్దం జరుపుతుండగా బస్సు ఒకదాని మీద ఎగిరింది. కెమెరా ఒళ్లోంచి జారి, ముందు సీటు ఇనుప కాలికి లెన్సు కొట్టుకుని కింద దొర్లింది.

కండక్టరమ్మ వంగి తీసి ఇచ్చింది. "పలిగిందా మేడం?"

పగిలింది ముందు బిగించుకునే ఫిల్టర్ అద్దం. దాని వెనక లెన్సు అద్దం బాగానే ఉంది. అమ్మయ్య అనుకుని జూమ్ రింగ్ తిప్పితే సగంలో బిగుసుకుపోయింది. అక్కడితో ఆగితే బాగుండేది. నాకు అంత నిదానం ఎక్కడిది! పళ్లు బిగపట్టి గట్టిగా తిప్పాను. లోపల టక్కుమని ఏదో విరిగింది. ఆ తర్వాత రింగ్ అటూ తిరగలేదు, ఇటూ తిరగలేదు.

చిన్నమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు. ఏళ్ల తరబడి మనసులో పెట్టుకున్న మాట నాకు ఒక్కదానికే చెప్పింది. చిన్నాయిన ఇంకోసారి బాయి దిగడు. రేపు మధ్యాహ్నం తప్పితే ఆ ఫొటో ఇక లేదు. ఏడుపొచ్చింది. పక్క సీటావిడ చూస్తోందని ఆపుకున్నాను.

తొమ్మిదిన్నరకు లక్సెట్టిపేటలో దిగిపోయి, బస్టాండుకు దగ్గర్లోనే ఉన్న ఫొటో స్టూడియోకు వెళ్లాను. స్టూడియో ఆయన లెన్సును చెవి దగ్గర ఊపి చూశారు. "గిది మంచిర్యాలల ఎవలు చెయ్యరు మేడం. హైదరాబాద్ పంపుతరు. పది పదిహేను రోజులు పడ్తది." ఆయన లెన్సు ఒక్కరోజు అద్దెకు అడిగాను. వేరే కంపెనీది, నా కెమెరాకు పట్టదు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నారు, "కరీంనగర్ల టవర్ కాడ ఖలీల్ భాయని ఒకాయన ఉన్నడు. మావి పాతయన్ని ఆయనే చేస్తడు. అయితె ఇయ్యాల శుక్రారం, నమాజు యాళ్లకు బందు వెడ్తడు. జల్ది పోండ్రి" అన్నారు.

లక్సెట్టిపేట నుంచి కరీంనగర్‌కు రెండు గంటలు. రాయపట్నం దగ్గర గోదావరి వంతెన దాటి, ధర్మారం, చొప్పదండి మీదుగా వెళుతుంది బస్సు. వంతెన మీద అందరూ కిటికీల్లోంచి నదిని చూశారు, నేను గడియారం చూశాను. చొప్పదండిలో వడ్ల ట్రాక్టర్లు అడ్డంగా ఉండి కొంతసేపు ఆగిపోయాం. కరీంనగర్ బస్టాండు నుంచి టవర్ సర్కిల్‌కు ఆటోవాళ్లు వంద అంటారు, అరవైకి వస్తారు. నేను బేరం ఆడలేదు.

ఖలీల్ భాయ్ షట్టరు సగం దించేసి ఉన్నారు. యాభై దాటిన మనిషి, తల మీద టోపీ. లెన్సును అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవలన్న బలవంతంగ తిప్పిండ్రా?" అన్నారు.

"నేనే."

"పడ్డందుకు ఇంత గాలే మేడం, తిప్పినందుకైంది." నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. "తెరిస్తె బాగైతదో, ఉన్నది సుత పోతదో తెరిచినంకనే తెలుస్తది. గ్యారంటీ ఇయ్య. నమాజుకు పోయొస్త. అప్పటిదాక జర సోంచాయించుండ్రి." తెరవాలో వద్దో ఆలోచించుకోమని ఆయన ఉద్దేశం.

బయటికి వచ్చి చిన్నమ్మకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "పోతె పోనీ తియ్యి. నువ్వైతె రా బిడ్డా, నీకోసం గారెలు చేస్తున్న" అంది. తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఆకలి లేకపోయినా సందు చివర మెస్సులో కూర్చున్నాను. ఎనభై రూపాయల భోజనం: అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. వడ్డించే పెద్దావిడ నా కంచం వైపు చూసి, "ఏమైందవ్వా, పరేషాన్‌ల ఉన్నవు? పచ్చిపులుసు ఇంకింత పోసుకో, పాణం కుదుటవడ్తది" అంటూ నేను వద్దనేలోపే గరిటెడు పోసింది. నిజంగానే కొంచెం కుదుటపడింది. కరీంనగర్‌లో ఇంకేం తిన్నా తినకపోయినా, వేయించిన ఎండుమిరపకాయ నలిపి చేసే ఆ పచ్చిపులుసు మాత్రం తినండి.

రెండింటికి ఖలీల్ భాయ్ వచ్చారు. తెరవమన్నాను. గంటలో అయిపోతుందన్నారు, రెండున్నర గంటలు పట్టింది. మధ్యలో ఒక పెళ్లి వీడియో ఆయన వచ్చి లైటు బాగుచేయించుకుని పోయాడు, రెండుసార్లు టీ వచ్చింది. లోపల జూమ్‌ను నడిపించే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగిందట. మూలన పడున్న చచ్చిన లెన్సులోంచి అలాంటిదే తీసి, అరగదీసి పెట్టి చూశారు, పట్టలేదు. ఇంకోటి వెతికారు. అది పట్టింది. చివరికి నన్ను గుమ్మంలో నిలబెట్టి, ఎదుటి టీ కొట్టులో వేలాడే క్యాలెండరును ఫొటో తీయమన్నారు. దానిమీది చిన్న అక్షరాలు తెర మీద కనిపించగానే నేను గట్టిగా నవ్వేశాను.

"ఆగుండ్రి, అప్పుడే ఖుషి గాకుండ్రి" అన్నారాయన. "ఫోకస్ దానంతటది పట్టది, మీరే చేత్తో తిప్పుకోవాలె. ఎడమ దిక్కు అంచు జర మసకొస్తది. గది నాతోని కాదు."

పదిహేను వందలు తీసుకున్నారు. పెద్దపల్లి మీదుగా మంచిర్యాలకు రెండున్నర గంటలు, అక్కడి నుంచి కాలనీకి షేర్ ఆటో. చీకటి పడ్డాక ఇల్లు చేరాను. చిన్నాయిన ముందుగదిలో తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నారు. వంటింట్లో చిన్నమ్మ కళ్లతోనే అడిగింది. నేను తల ఊపాను. నా కంచంలో గారెలు రెండు ఎక్కువ పడ్డాయి.

శనివారం పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు మూడు దాటాక పైకి వస్తారు. మేం రెండున్నరకే గేటు దగ్గరున్నాం. దండలు పట్టుకుని కాలనీ ఆడవాళ్లు, డప్పులవాళ్లు, చిన్నమ్మ. ఆమె పసుపు రంగు కొత్త చీర కట్టుకుంది. నేను బాయి నోటికి గురిపెట్టి, చేత్తోనే రింగ్ తిప్పి ఫోకస్ సరిచూసుకున్నాను. మసక వచ్చే అంచులో గోడ పడేలా జరిగాను. అన్నీ కుదిరాయి. చిన్నమ్మ నా భుజం పట్టుకుని కెమెరా తెరలోకి తొంగి చూస్తోంది.

మూడుంబావుకు మనుషులు కనిపించారు. ఏడెనిమిది మంది, టోపీలు, లైట్లు, నల్లటి మొహాలు. వాళ్ల నడుమ ఒకాయన తెల్లచొక్కాలో, మొహం తుడుచుకుని, తల దువ్వుకుని వస్తున్నారు. ఓదెలు చిన్నాయిన. ఒంటి మీద బొగ్గు మరక లేదు.

నా చేతిలో కెమెరా అలాగే ఉండిపోయింది. స్నానానికి కూడా పోకుండా, సాగనంపడానికి ముందుగా గేటు దాకా వచ్చిన రాజమల్లు అనే ఆయన్ని, ఇదేమిటని కోపంగానే అడిగాను. ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "ఆఖరి షిఫ్టుల పనెవలు చెయ్యనిస్తరమ్మా? కూసోవెట్టి ముచ్చట్లు చెప్పిచ్చుకున్నం. చెయ్యి సుత వెట్టనియ్యలే. గది మా బాయిల రివాజు." బాయిలో అందరికీ తెలిసిన సంగతి. చిన్నమ్మ కోరిక వాళ్లకు తెలియదు కాబట్టి, ఎవరూ మాకు చెప్పలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత తిరిగింది ఈ తెల్లచొక్కా కోసమా! చిన్నమ్మ నావైపు చూడనే లేదు. రాజమల్లును చూస్తోంది. కనురెప్పల మీద, చెవుల్లో, మెడ ముడతల్లో నల్లటి దుమ్ము. నవ్వితే పళ్లొక్కటే తెలుపు.

"రోజూ గిట్లనే ఎక్కొస్తరా?" అని అడిగింది.

"రోజూ గిట్లనే వదినా."

"మీ అన్న సుత?"

"అన్ననా? మాకంటె ఎక్కువ. ముంగటుండి చేసెటోడు గద."

ఈలోగా చిన్నాయిన దగ్గరికి వచ్చారు. మా మాటలు చెవిన పడి, విషయం అర్థమై, "నాకు చెప్తె ఒక్కనాడు తానం చెయ్యకుంట రాకపోదునా" అన్నారు.

"ఎన్నడో చెప్పిన. నవ్వినవ్."

ఈసారి ఆయన నవ్వలేదు. దండ వేయించుకోవడానికి వంచిన తల చాలాసేపు ఎత్తలేదు.

చిన్నమ్మే తేరుకుంది. "గీల్లు తానాలకు పోకముందే అందర్ని నిలవెట్టి తియ్యి బిడ్డా. ఆయన్ను నడుమ వెట్టు" అంది. గేటు ఊచల సందులోంచి తీశాను. రాజమల్లు తనకూ ఒకటి పంపమన్నారు. "మా ఇంటామె సుత సూడలే" అన్నారు. ఆ మాట మీద మిగతా వాళ్లంతా ఒక్కొక్కరుగా వచ్చి నిలబడ్డారు. చేత్తో ఫోకస్ తిప్పుకుంటూ అందరినీ విడివిడిగా తీశాను. డప్పులవాళ్లు ఓపిగ్గా ఆగారు.

తీయాలనుకున్న ఫొటో నాకు దొరకలేదు, ఆ వెలితి ఇప్పటికీ ఉంది. అయినా ఆ రెండు రోజుల తిరుగుడు వృథా అని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఇంట్లోవాళ్లకు కనపడకుండా కడిగేసుకున్న కష్టం ఎంతుంటుందో నేను ఆ గేటు దగ్గరే చూశాను. మీరు ఆ అడవిదారిన వెళితే కెమెరా బెల్టు మెడలోనే ఉంచుకోండి. అయినా పడిందా, రింగులేవీ తిప్పకుండా గుడ్డలో చుట్టి బాగుచేసేవాళ్ల చేతికివ్వండి.

గేటు దగ్గరి గుంపు ఫొటోను పెద్దది చేయించి పంపాను. చిన్నమ్మ దాన్ని ముందుగదిలో పెట్టుకుంది. ఎడమ చివర రాజమల్లు కొంచెం మసగ్గా ఉంటారు. ఇంటికి వచ్చినవాళ్లు ఫొటో ముందు ఆగి, నడుమ దండలతో ఉన్న చిన్నాయినను చూసి, ఎంత బాగా పడ్డాడో అంటారట. అప్పుడు చిన్నమ్మ వాళ్ల పక్కన నిలబడి చెబుతుందట: "ఆయన్ను కాదు, ఆయనకు అటిటున్నోళ్లను సూడుండ్రి. మా ఆయన గట్లుండె."