మాడిన రొట్టె, మా సుగుణ పెద్దమ్మ

నిన్న మధ్యాహ్నం గిద్దలూరు బస్టాండులో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పెద్దమ్మ పోయింది."

ఏ పెద్దమ్మ అని అడిగాను. మాకు ఉన్నదే ఒక్క పెద్దమ్మ. బుర్ర పనిచేయలేదు.

మార్కాపురం బస్సు ఎక్కి కూర్చున్నాక ఏడుపొచ్చింది. ఇప్పటికీ ఆగడం లేదు.

సుగుణ పెద్దమ్మ అమ్మకు అక్క. డిగ్రీ అయ్యేదాకా నన్ను తన ఇంట్లో ఉంచుకుని చదివించింది. మేమంతా ఆమెను 'ఇన్‌స్పెక్టరమ్మ' అనేవాళ్లం. కానీ ఆ తనిఖీలు మా మీద కాదు, ఎప్పుడూ తన మీదే.

చపాతీ గుండ్రంగా రాకపోతే మళ్లీ ముద్ద చేసేది. తుడిచిన బండలే మళ్లీ తుడిచేది. మేం లొట్టలేసుకుంటూ తింటుంటే పక్కన నిలబడి, "ఉప్పు తక్కువైంది కదా? నాకు ఏదీ సరిగ్గా చేత కాదు" అనేది.

నోటినిండా ముద్ద పెట్టుకుని మేమేం చెప్తాం!

నెలకోసారి చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. యేసును తలుచుకుంటూ అందరూ తలా ఒక రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం తీసుకుంటారు. దానికి పులియని రొట్టె చేసేది పెద్దమ్మే. ద్రాక్షరసం కాచి వడకట్టేది కూడా ఆమే.

కానీ తను మాత్రం తీసుకునేది కాదు.

బల్లకు ముందు ఎవరి మనసును వాళ్లు పరీక్షించుకోవాలంటారు కదా. ఆ పరీక్షలో పెద్దమ్మ ప్రతిసారీ తనను తాను ఫెయిల్ చేసుకునేది. అత్తమ్మ మీద విసుక్కున్నాననో, ప్రార్థన చేస్తుంటే మనసు పొయ్యి మీది కూర మీదికి పోయిందనో ఏదో ఒక నేరం దొరికేది. ట్రే రాగానే తల దించుకుని నాకు అందించేది.

అందరికీ రొట్టె చేసిపెట్టి తను ఖాళీ చేతులతో కూర్చునేది.

ఒక ఆదివారం రొట్టె ఒకవైపు మాడింది. మళ్లీ చేసే టైమ్ లేదు. చర్చి వెనక వరండాలో ఆ పళ్లెం పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇట్లాంటిది దేవుని బల్ల మీద పెడతామా అమ్మగారూ?"

మా పాస్టరు గారి భార్య మాడిన ముక్కనే తుంచి చేతిలో పట్టుకుంది.

"మాడితే ఏందమ్మా సుగుణా? ఇది మంచోళ్లకిచ్చే ప్రైజు అనుకుంటివా? ఆకలైనోళ్లకు పెట్టే అన్నం ఇది. నీకు ఆకలి లేదా?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఉంది" అంది.

ఆ రోజు ట్రే మా వరసకు వచ్చింది. అలవాటుగా చెయ్యి చాపాను.

నాకు ఇవ్వలేదు. ముందు తను తీసుకుంది.

అంతటితో మారిపోయిందని అబద్ధం చెప్పను. తర్వాత కూడా కడిగిన గిన్నెలే కడిగేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా! కానీ పాలు విరిగినా, మాట తప్పుగా దొర్లినా, కాసేపు గింజుకుని, "పోనీలే సుగుణా" అని తనకు తనే చెప్పుకునేది. చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు చెప్పేది.

దానికి చాలా ఏళ్లు పట్టింది. రోజూ పొద్దున ప్రార్థనలో అదే అడిగేదట, తన మీద తనకు కాస్త జాలి ఇవ్వమని.

పోయిన నెల చూడ్డానికి వెళ్లాను. మంచం దిగలేకపోతోంది. చెయ్యి పట్టుకుని, "భయమైతుందా పెద్దమ్మా?" అన్నాను.

"దేనికి? అప్పుడైతే అన్నీ సర్దుకుని, నన్ను నేను బాగుచేసుకుని పోవాల అనుకుంటిని. యాడ అయితది పాపా అది? ఇట్లనే పోతా. రమ్మన్నోడికి తెలవదా నేనెట్లాంటిదాన్నో?"

అని నవ్వింది.

వెళ్లిరా పెద్దమ్మా. నీలో తప్పులు వెతికే పని ఇక నీకు లేదు. ఆయన దగ్గర హాయిగా, శాంతిగా ఉండు.