జిల్లేళ్ల వంకలో నీళ్లు లేవన్న మహబూబ్ బీ

ఎండాకాలంలో పరాయివాడు నీళ్ల జాడ అడిగితే లేవని చెప్పాలి. రాజంపేటకు పడమర, కొండల కింది పల్లెల్లో ఇది ఒకరు నేర్పేది కాదు. ఉన్నాయని నోరు జారామా, తెల్లారేసరికి నీళ్లు తోడుకుపోయే ట్యాంకర్లు వరస కడతాయి. అందుకే మెడలో కార్డు వేసుకుని వచ్చిన సర్వే మనిషి అడిగినప్పుడు, నీళ్లు యాడివి నాయనా అనేసింది మహబూబ్ బీ. అతను చూపించిన చోట వేలిముద్ర కూడా వేసింది. కొంప మునిగింది అక్కడే.

అరవై దాటిన మనిషి. దూదేకుల సాయిబుల ఇల్లు. మొగుడు పోయాక ఇరవై మేకలతో నెట్టుకొస్తోంది. జిల్లేళ్ల వంక ఎండాకాలంలో పైకి ఉత్త ఇసుకే గానీ, అడుగున ఊట చావదు. శివరాత్రి పోగానే ఇసుక తోడి చెలమ తీసేది ఆమే. పొద్దున ఊరు బిందెలు ముంచుకుపోయాక అడవిపందులు పాడు చేయకుండా గుంతమీద రేగికంప కప్పి, రాళ్లు పేర్చేదీ ఆమే. దారిన పోయేవాడికి కంపకుప్ప తప్ప ఏమీ కనబడదు. చెలమ తగ్గింది, ఇంటికి రెండే బిందెలు అని ఆమె అంటే పెద్ద రైతులు కూడా మారు మాట్లాడరు.

కొండమీద రిసార్టు వచ్చి నాలుగేళ్లయింది. గదులన్నారు, ఈతకొలను అన్నారు, తర్వాత మంచు పార్కు అన్నారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, మేకకు గుక్కెడు నీళ్లు దొరకని సీమలో, యంత్రాలతో మంచు చేసి, కాళ్లకు పలకలు కట్టుకుని జారతారట! ఏం పోయేకాలమో! ఆ జారుడు కోసం కొండను ఒక పక్క గొరిగేశారు. ఆపై వచ్చిన వానలకు ఎర్రమట్టి దిగి వంకలో మేట వేసింది. మూడు చోట్ల ఊరే చెలమ రెండు చోట్ల మూసుకుపోయింది. అది చాలక ఇప్పుడు ఇంకో అరవై ఎకరాల అడవి కొట్టి, వంకను పూడ్చి, దానిమీద కార్లు నిలుపుకుంటారట. వంక ఎండిపోయిందని కాగితం ఒకటి ఉంటే వాళ్లకు అడ్డు లేదు.

ప్రజాభిప్రాయం అడిగే రోజున బడి ముందు షామియానా వేశారు. విచారణకు అధికారి శివజ్యోతి వచ్చింది. రిసార్టు మేనేజరు భూపేష్ అందరికీ చల్లటి మజ్జిగ ఇప్పించి, నివేదిక చదివాడు. జిల్లేళ్ల వంకలో వేసవిలో నీరు లేదట. స్థానికురాలు మహబూబ్ బీ ఆ సంగతి ధ్రువపరిచిందట. ఊరంతా తిరిగి ఆమె వైపు చూసింది. ఆమె లేవబోయింది.

పక్కనున్న రైతు పుల్లన్న కొంగు పట్టి ఆపాడు. అబద్ధానికి వేలిముద్ర వేశానని ఒప్పుకుంటే కేసు పెడతారని, రేపటినుంచి నీ మాట ఎవరూ లెక్కచేయరని గొణిగాడు. అదీ నిజమే. ఆమెకు ఊళ్లో ఉన్న విలువంతా ఆ మాటదే. సిగ్గేసింది, భయమేసింది, ఆపైన ఒళ్లు మండింది. లేచి నిలబడింది.

"అబద్దం చెప్పినా మేడం. ట్యాంకర్లు వస్తాయని భయపడి చెప్పినా. నీళ్లుండాయి."

భూపేష్ నవ్వాడు. అప్పుడు అబద్ధమాడిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని ఎలా నమ్మమంటారు అన్నాడు. షామియానా కింద కొందరు కూడా నవ్వారు. నవ్వరా మరి, అడిగినదాంట్లో తప్పేముంది?

"నన్ను నమ్మొద్దప్పా. రాండి, తాగి సూడండి."

శివజ్యోతి వాచీ చూసుకుంది. మైలున్నర నడక, మిట్టమధ్యాహ్నం, కారు పోని దారి. చివరికి అధికారే చీర చెంగు నెత్తిన కప్పుకుని లేచింది. ఊరు వెనకే కదిలింది.

వంకలో మహబూబ్ బీ రాళ్లు దొర్లించి, కంప లాగింది. అడుగున జానెడు నీళ్లు. పొద్దున మీవాళ్లే తెచ్చి పోసి ఉంటారని భూపేష్ అన్నాడు. మహబూబ్ బీ చిప్పతో ఆ నీళ్లన్నీ తోడి ఎండలో పారబోసింది. ఎండాకాలంలో ఊరు తాగే నీళ్లు! పుల్లన్న అయ్యో అన్నాడు. అడుగున తడి ఇసుక మిగిలాక గట్టున చతికిలబడి, కూచోండి అంది.

కూర్చున్నారు. పావుగంట గడిచినా ఏమీ లేదు. మేట వేసిన మట్టి ఈ ఊటనూ మింగిందేమోనని ఆమె వంగి ఇసుక తడిమింది. భూపేష్ ఫోను చూసుకుంటున్నాడు. అప్పుడు ఇసుక ఒక మూల నల్లబడింది. నల్లబడిన చోట వేలెడు నీరు చేరింది. మెల్లగా అరచెయ్యి మునిగేంత అయింది. తేటపడేదాకా ఎవరినీ ముట్టనివ్వలేదు. శివజ్యోతి చిప్పెడు తాగి, ఇంకో చిప్పెడు తాగింది. నివేదికలో ఆ వాక్యం కొట్టేసి, నీరు ఉంది, నేను తాగాను అని రాసి సంతకం చేసింది. విస్తరణ కాగితాలు వెనక్కి పోయాయి. మళ్లీ వస్తాయి, అది ఊరికీ తెలుసు.

మూడో రోజే ట్యాంకరు వచ్చింది. మహబూబ్ బీ మేకల్ని వదిలేసి, బాటకు అడ్డంగా, బండి చక్రం ముందర కూర్చుంది. డ్రైవరు దిగి, నీళ్లుండాయని ఊరందరి ముందర నువ్వే కదవ్వా చెప్పినావు అన్నాడు.

"ఉండాయని చెప్పినా. ఇస్తానని చెప్పలే."