తీగ మోగితే చేపని ఆవు

మా బావ నన్ను పదిమందిలో ‘గాలి సారు’ అన్నాడు. ఆయన ఎప్పుడో మరిచిపోయి ఉంటాడు. అన్నవాళ్లకు గుర్తుండదు, పడ్డవాళ్లకే ఉంటుంది. కుప్పంలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను కాబట్టి సారు అనడంలో తప్పులేదు. ముందు గాలిని ఎందుకు తగిలించాడో చెప్పాలంటే మా అక్క ఆవు సంగతి చెప్పాలి.

అక్కావాళ్లది పుంగనూరు దగ్గర పల్లె. ఆ ఏడాది బావ మొదటిసారి టమాటా చెట్లకు ఊత కట్టెలు నాటి, వాటి వెంట ఇనుప తీగ లాగాడు. మదనపల్లెలో ఆ తీగ కొన్నప్పుడు నేనూ వెంట ఉన్నాను. చుట్టలు బస్టాండు దాకా మోసిందీ నేనే. “పురికొస సాలదా బావా?” అని అడిగితే అంగడాయన వైపు తిరిగి, “మా బామ్మర్దికి సుద్దముక్క తప్ప సేద్యం తెలీదులేప్పా” అన్నాడు. అంగడాయన నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు గుర్తుంది.

సాలు చివర తీగను గట్టిగా లాగి దేనికైనా కట్టాలి. ఒక సాలు సరిగ్గా ఆవుల పాకకు ఎదురుగా ముగుస్తుంది. ఇంకో గుంజ పాతడానికి బద్ధకించి, బావ ఆ తీగను పాక ఇనుప స్తంభానికే బిగించాడు. చివరి కట్టె నుంచి పాక దాకా చెట్టూ చేమా లేని వట్టి తీగ. ఆషాఢం గాలి మొదలయ్యేసరికి అది మోగడం మొదలుపెట్టింది. స్తంభం నుంచి ఆ మోత పైరేకులకు ఎక్కి, పాకంతా తుమ్మెదలు నిండినట్టు ఉండేది.

నిజం చెప్పాలంటే నాకు ఆ మోత ఇష్టంగానే ఉండేది. చిన్నప్పుడు మా అమ్మ కూలికి పోయే తోటలో బోరు నీళ్ల కాలువ ఉండేది. ఆమె కలుపు తీస్తుంటే నేను గట్టున కూర్చుని ప్రవాహంలో చీపురుపుల్ల గుచ్చి పట్టుకునేవాణ్ని. పుల్ల వెనక కుడివైపు ఒక చిన్న సుడి, ఎడమవైపు ఒక చిన్న సుడి, మళ్లీ కుడివైపు ఒకటి, అలా విడిపోతూ పోయేవి. ఒక్కో సుడి విడిపోయినప్పుడల్లా పుల్ల నా వేళ్లలో సన్నగా అదిరేది. ఎండా, తడిమట్టి వాసనా, దూరంగా అమ్మ దగ్గూ. అంత తీరికగా మళ్లీ ఎప్పుడూ కూర్చోలేదు. పెద్దయ్యాక పుస్తకంలో ఆ సుడుల బొమ్మ చూసి, ఇవి నాకు ముందే తెలుసునని పొంగిపోయాను.

ఆ నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి నేను వెళ్లేసరికి అక్క ముఖం వాడిపోయి ఉంది.

“ఆవు చేపడంల్యారా. పొద్దున బాగానే ఇస్తాది. సాయంత్రం దూడను ఇడిసినా పాలు పైకే ఎగబట్టుకుంటాది. యాలనో తెలీదు.”

డాక్టరు సూది వేసి వెళ్లాడు. పొదుగు గట్టిపడుతోంది. బావ వచ్చే సంతకు తోలేద్దామంటున్నాడు. ఆ ఆవు దూడగా ఉన్నప్పుడే దాని తల్లి చచ్చిపోతే, అక్క సీసాతో పాలు పట్టి పెంచింది. ఆ ఇంట్లో అచ్చంగా ఆమెది అని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది.

రెండు రోజులు గమనించాను. పొద్దున గాలి ఉండదు, తీగ మోగదు. సాయంత్రం గాలి లేస్తుంది, రేకులు గుయ్యిమంటాయి, ఆవు చెవులు రిక్కించి బిగదీసుకుంటుంది.

పాల కేంద్రం దగ్గర అందరూ క్యాన్లతో నిలబడి ఉండగా బావకు చెప్పాను. కాలువలో పుల్ల వెనక నీళ్లు సుడి తిరిగినట్టే తీగ వెనక గాలీ తిరుగుతుందని, పైనొకటి కిందొకటి సుడి విడిపోతూ తీగను అదిరిస్తుందని, ఆ మోతకే ఆవు బెదురుతోందని.

“ఆవు నొసట సుడి సూసి కొనేవాళ్లను సూసినా గానీ, గాలికి సుడి సూసేటోన్ని నిన్నే సూస్తాండా. గాలి సారువప్పా నువ్వు!” అన్నాడు బావ. క్యాన్లు మోగేలా నవ్వారు.

పైగా తీగ వదులుగా ఉండి మోగుతోందని ఇంకా బిగించాడు. అప్పుడది ఇంకా కీచుగా మోగింది. విప్పుదామంటే కాయ మీద ఉన్న సాలంతా నేలకు వాలుతుంది. తీగ చుట్టూ తాడును మెలికలుగా చుడితే చాలు, సుడులన్నీ ఒక్కసారిగా విడిపోలేవు, చోటుకో తీరుగా చెదిరిపోతాయి అన్నాను. “నా తోటేమన్నా పెండ్లిపందిరా తాళ్లు సుట్టేదానికి?” అన్నాడు.

అక్క నన్ను పాకలోకి పిలిచింది.

“తాడు సుడితే మోత నిలస్తాదా?”

“నిలస్తాదక్కా.”

“అయితే నేను సుట్టిస్తా. మీ బావతో మాత్రం ఈ మాట మల్లా ఎత్తకూడదు. నీదే గెలుపని తెలిస్తే ఆ తాడు పీకి పారేస్తాడు. ఆవు పోతాది.”

మాట పడితే మరిచిపోలేని నా సంగతి తెలిసీ అడిగింది. సరే అన్నాను.

అన్నం పెడుతూ ఆమె బావతో, “కాయ బాగా దిగిందని పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ నిలబడి సూస్తాండారు. దిష్టితాడు కట్టగూడదా?” అంది. బావ సగం ముద్దలో లేచి నల్ల ఉన్ని తాడు తెచ్చాడు. స్తంభానికి ఒక ముడి వేసి వదిలేయబోతే, “కండ్లు ఒక్క సోటనే పడతాయా? తీగ ఎంబడి కట్టె దాకా సుట్టు” అంది. చుట్టాడు. తాడు మెలిక పడకుండా ఇంకో కొస పట్టుకుంది నేనే.

సాయంత్రం గాలి లేచింది. పాకలో చప్పుడు లేదు. అక్క దూడను విడిచింది. కాసేపటికి తపేలాలో పాలధార పడిన చప్పుడు వినిపించింది. ఆమె ఆవు డొక్కకు తల ఆనించి పిండుతూనే ఉంది, ముఖం ఇటు తిప్పలేదు.

ఆ పాలతో కాఫీ పెట్టి మొదటి గ్లాసు బావకే ఇచ్చింది. “సూసినావా సారూ, నీ సైన్సు కంటే నా దిష్టితాడే నయం” అన్నాడాయన. నాలుక చివరిదాకా వచ్చిన జవాబును కాఫీతో మింగాను. అంత చిక్కటి కాఫీ మళ్లీ తాగలేదు.

ఆ ఆవు ఇంకా అక్క దగ్గరే ఉంది. ఆషాఢం వచ్చే ముందు ప్రతి ఏడూ బావ ఫోన్ చేసి, “తాడు పట్టుకునేదానికి మనిషి కావల్ల, రా” అంటాడు. కుప్పం నుంచి బస్సెక్కి వెళతాను. దిష్టి మహిమ గురించి ఆయన చెప్పేదంతా వింటూ, తీగకు ఆ కొసన ఆయన, ఈ కొసన నేను.