ఉప్పు బస్తా కింద చట్టి

బుజ్జమ్మా, ఈ ముసురుకి జాడీలో ఉప్పు నీరుగారింది. చెయ్యి పెట్టగానే మీ అమ్మమ్మ గుర్తొచ్చింది.

సముద్రపు నీటితో ఉప్పు పండించే కయ్యల పక్కన పెరిగిన నా ఈడు వాళ్ళకు తెలిసే ఉంటుంది. కొత్త ఉప్పు బస్తాను దూలానికి వేలాడదీసి, కింద చట్టి పెట్టేవాళ్ళు. అందులోకి బొట్టు బొట్టుగా నీళ్ళు కారేవి. ముట్టుకుంటే నూనెలా జిడ్డుగా ఉండేవి. అవీ ఉప్పునీళ్ళే కదా, పారబోయడమెందుకని ఏడేళ్ళప్పుడు నేను వాటిని ఇంటిల్లిపాదికీ కాచిన గంజిలో పోసేశాను. నోట పెట్టిన వాళ్ళంతా ఉమ్మేశారు.

"సముద్రంలో ఉప్పొకటే కాదు మే, చేదు కూడా ఉండాది. ఆ చేదే చట్టిలోకి కారేది," అంది అమ్మ. కొట్టలేదు. మళ్ళీ కాచి నాకే ముందు పోసింది.

ఇది చెప్పినప్పుడల్లా నువ్వు పడిపడి నవ్వేదానివి. "వంటలో అప్పుడే ఆరితేరినావమ్మా," అనేదానివి.

జ్వరంతో నువ్వు పోయి ఎనిమిది నెలలైంది, తల్లీ. నా ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించే ఓపిక రావడం లేదు. చాలా పూటలు నీళ్ళు తాగి పడుకున్నాను. ఈ రోజు మాత్రం మీ అమ్మమ్మ పోసిన ఆ గంజి తలుచుకుని, ఇంత అన్నం వండుకుని తిన్నాను.

ఇది చదివిన వాళ్ళు నన్ను ఓదార్చక్కర్లేదు. లేచి వెళ్ళి కడుపునిండా అన్నం తినండి.