కుసుమకు రెండు గోతులు

నలభై ఏళ్లుగా సమాధుల తోటలో గోతులు తవ్వేది ఎర్రయ్యే. ఐ.పోలవరం పక్క నేల, మూడడుగులు దిగితే నీరు ఊరుతుంది. ఎంత తవ్వాలో, ఎంతసేపు తోడాలో, నీటికన్నా ముందు పెట్టెను ఎలా దించాలో ఊళ్లో ఆయనకొక్కడికే తెలుసు. అంతటివాడు భార్య కుసుమ పోయిన రోజున మాత్రం పార ముట్టుకోలేకపోయాడు.

ఆయన తవ్వకపోతే ఎవరు తవ్వాలి? చిక్కంతా అక్కడే వచ్చింది.

రెండేళ్ల క్రితం చర్చికి కొత్త స్లాబు వేసి, గోడకు శిలాఫలకం పెట్టారు. దాని మీద రిటైర్డ్ హెడ్మాస్టరు బెంజమిన్ గారి పేరు ముందుండాలా, బ్యాంకు ఆఫీసరు ఎలీషా గారి పేరు ముందుండాలా అన్నది తేలక సంఘం రెండుగా చీలింది. ఎనిమిదింటికి మేష్టారి ఆరాధన, పదిన్నరకు ఆఫీసరుగారి ఆరాధన. రెండింటికీ గంట కొట్టేది ఎర్రయ్యే. కుసుమ రెండింటికీ వెళ్లేది. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం కూడా రెండుసార్లు తీసుకునేది.

"పరలోకంలో నీకు రెండు హాజర్లు పడతాయే," అని ఎర్రయ్య ఏడిపించేవాడు.

ఆవిడ నవ్వేది కాదు. "నేను పోయిన్నాడైనా అందరూ కలిసి ఒక్క పాట పాడతారంటావా?"

"ఎందుకు పాడరూ!" అనేవాడు. ఏదో ఒకటి అనాలని అన్న ఆ మాట ఇప్పుడు ఆయన మీదే పడింది.

ముసురులో పెట్టె తోటకు చేరింది. చూస్తే గోతులు రెండు. ఎర్రయ్య మీద ప్రేమతో మేష్టారివాళ్లు తోట ఆ చివర ఒకటి తవ్వించారు. అంతే ప్రేమతో ఆఫీసరుగారివాళ్లు ఈ చివర ఇంకొకటి తవ్వించారు. మధ్యలో పిచ్చిమొక్కలు. ఒకరినొకరు అడుగుదామంటే మాటల్లేవాయె.

"మావాళ్లు ముందు తవ్వేరండి," అన్నారు మేష్టారు, తన గొడుగుతో చెబుతున్నట్టు.

"మాది లోతెక్కువండి. కావాలంటే టేపు పెట్టి చూసుకోండి," అన్నారు ఎలీషా.

"లోతుకేం లోటండీ, చేపపిల్లల్ని వదిలేయొచ్చు."

వెనక ఎవరో కిసుక్కుమని నవ్వి నోరు నొక్కుకున్నారు. పెట్టె మోస్తున్నవాళ్లు భుజాలు మార్చుకున్నారు.

"నువ్వే చెప్పు ఎర్రయ్యా, ఏ గోతిలో?" అన్నారు పెద్దలిద్దరూ.

ఏది చెప్పినా సగం సంఘం వెనక్కి తిరిగిపోతుంది. అప్పుడు పాటా సగమే. ఎర్రయ్య చెప్పులు విడిచి, దగ్గరున్న ఎలీషాగారి గోతిలోకి దిగాడు. మోకాళ్లదాకా బురదనీళ్లు. బకెట్టుతో తోడుతున్నాడు. డెబ్భై ఏళ్ల చేతులకు బలం చాలక, పోసిన నీళ్లలో సగం మళ్లీ లోపలికే వస్తున్నాయి.

"పైకి రా. మావాళ్లు తోడతారు," అన్నారు ఎలీషా.

"ఎవరివాళ్లో నాకు తెలీదండి. దాన్ని నీళ్లలో పెట్టలేనండీ, అంతే."

మేష్టారు గొడుగు మడిచారు. పంచె ఎగ్గట్టి ఒక కాలు దించబోయి, సర్రున జారి నీళ్లలో కూర్చుండిపోయారు. లేవదీయబోయిన ఎలీషా కూడా ఆయన మీదే పడ్డారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దలిద్దరూ బురదతోనే లేచి బకెట్లు అందుకున్నారు.

పెట్టె దిగింది. పాట ఎత్తారు. రెండేళ్లుగా వేరుగా పాడినవాళ్లు కదా, మేష్టారివాళ్లు సాగదీశారు, ఆఫీసరుగారివాళ్లు పరుగెత్తించారు. చివరి చరణంలో మాత్రం రెండు గొంతులూ ఒకచోట కలిశాయి. అక్కడే ఎర్రయ్య ఏడ్చాడు.

ఆదివారం గంట మళ్లీ రెండుసార్లే. పదిన్నర గంట కొట్టేసి ఎర్రయ్య పార పట్టుకుని తోటకు వెళ్లాడు. రెండో గొయ్యి పూడుస్తుంటే పక్కన ఇంకో పార చప్పుడైంది. మేష్టారు. తలెత్తలేదు.

తవ్విన మట్టంతా వేసినా గొయ్యి నిండలేదు. కొంత వాన పట్టుకుపోయింది.

"రేపు ఇంకాస్త తెచ్చి పోద్దామండీ," అన్నాడు ఎర్రయ్య.

"ఆయ్," అన్నారు మేష్టారు.